పట్టు జీను అరుపులో మిగతా జీన్ల మాట వినేదెట్లా?



పోయిన వానల్లో మా షెడ్డులో ఏం జరిగిందో ఈ గ్రూపులో చానామందికి తెలుసు. తెలియనోళ్ళకు నాలుగు మాటల్లో చెప్పేస్తా. దీపావళికి ముందు 150 డి.ఎఫ్.ఎల్. దించినా. చాకీ పురుగులు బాగానే వచ్చినాయి. నాలుగో జ్వరం లేచినాక కూడా బాగానే తిన్నాయి. అయిదో దశలో నాలుగో రోజు రాత్రి మేత వేసేదానికి లైటు వేస్తే, పురుగులు ఆకు వదిలేసి బెడ్డు అంచుకు పాకి ఉండాయి. కణుపుల దగ్గర ఉబ్బు, చర్మం నూనె పూసినట్టు నిగనిగ. ఒకదాన్ని చేత్తో తీస్తే చర్మం చిట్లి పాల మాదిరి నీళ్ళు కారినాయి. గ్రాసరీ.

మామూలుగా 150కి నాకు నూరు కిలోలు దాటి గూళ్ళు వస్తాయి. ఆ పంటకు వచ్చింది 14 కిలోలు. ఆకు, కూలి, చాకీ పురుగుల డబ్బు, అన్నీ పోయినాయి. ఇంట్లో ఒక నగ ఇప్పటికీ కుదువలోనే ఉండాది. తప్పు నాదే. ముందు పంట తీసినాక షెడ్డు కడిగి, మందు కొట్టి, ఎండనిచ్చే రోజులు నేనే తగ్గించుకున్నా. వానలో తడి ఆకు వేసినా. ఇంకెవర్నీ అనేదానికి లేదు.

ఈ నెల రాయబోయేది ఆ నష్టం గురించి కాదు, ఆ 14 కిలోల గురించి. అదే షెడ్డు, అదే తడి ఆకు, అదే రోగం. పక్క పురుగు పాలు కక్కి చచ్చిపోతే, దాని మీద పాకిన పురుగు పోయి చంద్రికలో గూడు కట్టింది. ఎట్లా కట్టింది?

మా అక్క కూతురు తిరుపతిలో సెరికల్చర్ ఎం.ఎస్సీ. చదువుతా ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదే అడిగినా. "మామా, కొన్నిటికి రోగం తగలకనే తప్పించుకునుంటాయి. కొన్ని తగిలినా తట్టుకునుంటాయి. తట్టుకున్నవాటి లోపల ఏ జీను పని చేసిందో చూడాల. కానీ పట్టుపురుగులో ఆ వెతుకులాటకి పెద్ద అడ్డం ఒకటి ఉంది. అది పట్టే" అనింది.

నాకు అర్థం కాలేదు. పట్టు కోసమే కదా ఈ పురుగు! ఆ అమ్మాయి మూడు రోజులు కూర్చోబెట్టి చెప్పింది. నేను పదో తరగతి చదివినోణ్ణి, అదీ తమిళంలో. 1960 దాకా మా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండింది, ఆ తర్వాత బడి తమిళం అయింది, ఇల్లు తెలుగుగానే మిగిలింది. కాబట్టి నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో తప్పు లేకుండా ఆ అమ్మాయి చేత రెండుసార్లు చదివించినా.

అసలు సంగతికి ముందు ఒక జాగ్రత్త. నా మాదిరి పంట పోయినోళ్ళు, మిగిలిన గూళ్ళను "గట్టి పురుగులు" అని దాచి, సీతాకోకలు రానిచ్చి, ఇంట్లోనే గుడ్లు పెట్టించుకోవద్దండి. మనం మేపేది హైబ్రిడ్. దాని పిల్లలు సమంగా రావు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితాయి. దానికి తోడు, తల్లి సీతాకోకను మైక్రోస్కోపులో చూడని గుడ్లతో పెబ్రిన్ ఇంట్లోకి వస్తుంది. గ్రాసరీ ఒక పంటను తింటే, పెబ్రిన్ గుడ్ల గుండా తర్వాతి పంటకూ వస్తుంది.

ఇప్పుడు జీన్లు. రిజిస్టర్ ఆఫీసులో మన భూమి అసలు పత్రం ఉంటుంది. అది బయటికి రాదు. బ్యాంకుకు ఒకటి, కోర్టుకు ఒకటి నకళ్ళు తీసిస్తారు. కణంలో కూడా అంతే. జీను అంటే డి.ఎన్.ఏ. మీద ఉండే అసలు పత్రం. పని జరగాలంటే దానికి ఆర్.ఎన్.ఏ. నకలు తీయాలి. ఆ నకలు చూసి కణం ప్రోటీను తయారు చేస్తుంది. ఏ జీనుకు ఎన్ని నకళ్ళు ఉన్నాయో చూస్తే, ఆ కణం ఆ పూట ఏ పనిలో ఉందో తెలుస్తుంది.

పట్టుపురుగు పట్టు గ్రంథి వెనక భాగంలో కణాలు ఒక్కో వైపు సుమారు 500 మాత్రమే. ఆ కాసిన్ని కణాలే కిలోమీటరు పొడుగు దారానికి సరుకు తయారు చేస్తాయి. దారం గుండెకాయ లాంటి ప్రోటీను పేరు ఫైబ్రాయిన్. అయిదో దశలో ఒక్కొక్క ఫైబ్రాయిన్ జీను దాదాపు 10,000 నకళ్ళు తీయిస్తుంది. ఒక్కొక్క నకలు మీద 1,00,000 ఫైబ్రాయిన్ అణువులు తయారవుతాయి. గుణించి చూసుకోండి, నాలుగు రోజుల్లో ఒక జీను నుంచి 100 కోట్ల అణువులు. మనం ఆ వారంలో రాత్రీ పగలూ ఆకు మోసేది దీనికోసమే.

ఈ లెక్క బయటపడేదానికి దారి వేసినోళ్ళలో జపాన్ శాస్త్రవేత్త యోషియాకి సుజుకి ఒకరు. అమెరికాలో బాల్టిమోర్ ఊరి కార్నెగీ సంస్థలో డొనాల్డ్ బ్రౌన్ అనే ఆయనతో కలిసి 1972లో ఫైబ్రాయిన్ నకలును విడిగా తీసి చూపించినారు. అప్పటికి ఒక జీను నకలును అట్లా శుద్ధిగా బయటికి తీయడం చాలా అరుదు. పట్టుపురుగులో కుదిరిందంటే కారణం ఒకటే, ఆ నకళ్ళు కుప్పలుగా ఉండాయి. సంతలో అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి ముందు గుర్తుపట్టేస్తాం కదా, ఆ మాదిరి.

అయితే ఆ అరుపే మిగతా వాళ్ళకు అడ్డం.

నకళ్ళను చదవాలంటే శాస్త్రవేత్తలు మొదట ఒక లైబ్రరీ కడతారు. పుస్తకాలు ఉండవు దాంట్లో. ఆర్.ఎన్.ఏ. తొందరగా చెడిపోతుంది, పాల మాదిరి. అందుకని దాన్ని మళ్ళీ డి.ఎన్.ఏ. రూపంలోకి మార్చి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క బాక్టీరియాలో పెడతారు. బాక్టీరియా పెరిగే కొద్దీ ఆ ముక్కా పెరుగుతుంది. అట్లాంటి లక్షల బాక్టీరియాల గుంపే ఆ లైబ్రరీ. తర్వాత దాంట్లోనుంచి గుడ్డిగా ఒక్కొక్కటి తీసి చదువుతా పోతారు.

పట్టు గ్రంథి నుంచి లైబ్రరీ కడితే ఏమవుతుంది? ఒకటి తీస్తే ఫైబ్రాయిన్. ఇంకొకటి తీస్తే మళ్ళీ ఫైబ్రాయిన్. నడుమ భాగం నుంచి తీసుంటే సెరిసిన్, అంటే దారం మీద జిగురు. చదివేదానికి డబ్బు, రోజులు అయిపోతాయి. కణానికి నాలుగైదు నకళ్ళు మాత్రమే ఉండే జీను కనపడనే కనపడదు. రోగాన్ని గుర్తుపట్టేది, హార్మోను మాట వినేది, మిగతా జీన్లకు ఎప్పుడు లేవాలో చెప్పేది, ఇట్లాంటివి తరచుగా తక్కువ నకళ్ళతోనే పని నడిపిస్తాయి. పెత్తనం చేసేవాళ్ళు తక్కువ మంది, పని చేసేవాళ్ళు ఎక్కువ మంది, మన ఊళ్ళ మాదిరే.

పట్టు గ్రంథిలోనే కాదు, ఏ అవయవంలోనైనా ఈ తంటా ఉండేదే, కాస్త ఎక్కువ తక్కువ. జపాన్ వాళ్ళు 2003లో పట్టుపురుగు వేర్వేరు అవయవాలు, వేర్వేరు దశల నుంచి 36 లైబ్రరీలు కట్టి సుమారు 35,000 ముక్కలు చదివినారు. ఒకే రకానివి కలిపేస్తే మిగిలింది 11,000 రకాలు. మన హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. అనే కేంద్ర సంస్థ ఉంది. అక్కడ డాక్టర్ జె. నాగరాజు గారి బృందం మూగా, టసర్, ఎరి పురుగుల మీద ఇదే పని చేసి 2008లో అందరికీ ఇచ్చింది. చదివిన ముక్కలు 57,113. ఒకే మాదిరి ఉండేవాటిని కలిపితే 4,019 గుంపులు అయినాయి, జత దొరకకుండా ఒంటరిగా మిగిలిన ముక్కలు 10,019. అంటే 47,000 ముక్కలకు పైగా ఆ నాలుగు వేల గుంపుల్లోనే పడినాయి! ఆ ఒంటరి ముక్కల లెక్క చూసినప్పుడు నాకు అసలు సంగతి తలకెక్కింది. అన్ని వేల ముక్కలు చదివితే గానీ వాటికి ఒక్కసారి వంతు వచ్చింది.

నాగరాజు గారు 2012 డిసెంబరు 31న కాలం చేసినారు. పట్టుపురుగు జీన్ల పనిలో మన దేశానికి ఆయన పెద్ద దిక్కు. ఆయన మాట ఇంకోసారి వస్తుంది.

మరి ఆ పెద్ద గొంతును తగ్గించి, అందర్నీ ఒక్క మట్టానికి తెచ్చేదెట్లా? ఇక్కడే ఆ అమ్మాయి చెప్పింది నాకు భలే నచ్చింది. మా తిరుత్తణి ఆడికృత్తిక మీద పెట్టి చెప్పింది.

ఆడికృత్తిక నాడు కొండ మీద జనం మీకు తెలుసు. కావళ్ళు మోసుకొని 365 మెట్లూ నిండిపోతారు. ఊరికే లెక్క కోసం అనుకోండి, పళ్ళిపట్టు నుంచి 1,000 మంది వచ్చినారు, పొదటూరుపేట నుంచి 100 మంది, ఒక చిన్న పల్లె నుంచి 10 మంది. అందరూ కలిసిపోయి తిరగతా ఉండారు. ఇప్పుడు ఒక నియమం పెట్టినాం. నడిచే దారిలో మీ ఊరి మనిషి తగిలితే, ఇద్దరూ చేతులు పట్టుకొని కిందికి దిగి బస్సెక్కి వెళ్ళిపోవాలి.

ఎవరు ముందు ఖాళీ అయితారు? పళ్ళిపట్టు వాళ్ళే. నాలుగడుగులు వేస్తే ఇంకొక పళ్ళిపట్టు మనిషి తగులుతాడు. చిన్న పల్లె వాడు గంట తిరిగినా తన ఊరివాడు కనపడడు. కాసేపు అయినాక ఆపి లెక్క పెడితే, పళ్ళిపట్టు వాళ్ళు 10 మంది మిగిలినప్పుడు పొదటూరుపేట వాళ్ళు 9 మంది, చిన్న పల్లె వాళ్ళు 5 మంది మిగిలుంటారు. ఇది నోటికి వచ్చిన లెక్క కాదు, ఆ అమ్మాయి కాగితం మీద కట్టి చూపించింది. మొదట ఒకరికి నూరంతలు ఉండే తేడా చివరికి రెండంతలు అయింది. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు, ఎవరు ఎక్కువ ఉండారో ముందే తెలియనక్కరలేదు. గుంపు పెద్దది కావడమే దాన్ని తగ్గించింది.

ప్రయోగశాలలో కూడా ఇదే. డి.ఎన్.ఏ. ముక్క రెండు పోగులు పెనవేసుకొని ఉంటుంది. మన దారం పురి మాదిరి. దాన్ని నీళ్ళు మరిగేంత వేడిలో పెడితే రెండు పోగులూ విడిపోతాయి. తర్వాత వేడి తగ్గించి 68 డిగ్రీల దగ్గర గంటల తరబడి వదిలేస్తారు. ప్రతి పోగూ తన జత పోగును వెతుక్కుంటుంది. ఫైబ్రాయిన్ పోగుకు వెంటనే జత దొరుకుతుంది. అరుదైన జీను పోగు ఒంటరిగా తిరగతానే ఉంటుంది. ఎక్కువ ఉండేది ముందు జత కడుతుందనే ఈ సూత్రాన్ని రాయ్ బ్రిటన్, డేవిడ్ కోహ్నె 1968లోనే చూపించినారు. బ్రిటన్ కూడా ఆ కార్నెగీ సంస్థ మనిషే.

ఇంక జత కట్టినవాటిని బస్సెక్కించాలి. పాత పద్ధతి ఏందంటే, మన ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ రకం పొడిని గొట్టంలో నింపి, దాని గుండా ఈ ద్రవాన్ని పోస్తారు. జంట పోగులు పొడికి అతుక్కుంటాయి, ఒంటి పోగులు కిందికి కారిపోతాయి. కారినవాటిని పట్టుకొని మళ్ళీ పెంచి లైబ్రరీ కడతారు. 1990ల్లో ఎక్కువగా ఇట్లానే చేసినారు.

2004లో రష్యా వాళ్ళు ఇంకొక దారి చూపించినారు. కమ్‌చట్కా సముద్రంలో పెద్ద ఎర్ర పీత ఒకటి ఉంటుంది. దాని కాలేయం లాంటి అవయవంలో ఉండే ఒక ఎంజైము జంట పోగు డి.ఎన్.ఏ.ని కత్తిరించేస్తుంది, ఒంటి పోగును ముట్టుకోదు. అంత వేడిలో కూడా పని చేస్తుంది. గొట్టాలు, పొడి ఏమీ అక్కరలేదు. అదే సీసాలో నాలుగు చుక్కలు వేస్తే జత కట్టినవి ముక్కలైపోతాయి. పట్టుపురుగు రొద ఆపేదానికి పీత రావలసి వచ్చిందని నేను అంటే ఆ అమ్మాయి నవ్వింది.

దీంట్లో కష్టాలు లేకపోలేదు. ఎక్కువసేపు వదిలేస్తే చిన్న పల్లె వాళ్ళు కూడా కలిసి బస్సెక్కేస్తారు, కొండ ఖాళీ. పేర్లు ఒకేలా ఉండే రెండు ఊర్ల వాళ్ళు పొరపాటున చేతులు కలిపినట్టు, దగ్గర చుట్టాలైన జీన్ల పోగులు ఒకదానికొకటి అతుక్కొని, అరుదైన చుట్టం కూడా పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి సమం చేసినాక ఏ జీను ఎంత గట్టిగా పని చేస్తా ఉండిందో ఆ లైబ్రరీలో తెలియదు. రోగం పురుగులో ఒక జీను పదింతలు లేచిందా అని చూడాలంటే సమం చేయని నకళ్ళే కావాలి. నాకు ఇది మన తూకం మాదిరి అనిపించింది. ఏయే రకం గూళ్ళు వచ్చినాయో చూసేదానికి ఒక్కొక్క రకం పక్కన పెడతాం, కానీ ధర కట్టేది తూకం మీదనే. రెండూ వేర్వేరు పనులు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఇప్పుడు వచ్చిన యంత్రాలు ఒకే దఫా కోట్ల ముక్కలు చదివేస్తాయి. అన్ని చదివితే అరుదైనవాటికి కూడా వంతు వస్తుంది. కాబట్టి ఈ సమం చేసే పని మునుపు మాదిరి తప్పనిసరి కాదు. అయినా ఒకే జీను కుప్పలుగా ఉండేచోట, డబ్బు తక్కువ ఉండేచోట, రొద తగ్గించి చదవడం ఇప్పటికీ లాభమే. మన మాదిరి పురుగుకు మరీనూ.

ఇదంతా గ్రాసరీకి ఏం చేసింది అని మీరు అడుగుతారు. నేనూ అడిగినా.

గ్రాసరీ వైరస్ ఎక్కువగా ఆకుతో పాటు కడుపులోకి పోతుంది. కాబట్టి మొదటి కాపలా పట్టు గ్రంథిలో కాదు, పేగులో ఉండాలి. 2003లో పొన్నువేల్ గారు జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి, పట్టుపురుగు జీర్ణరసంలో ఉండే లైపేజు అనే ప్రోటీను ఒకటి ఈ వైరస్‌ను అణిచేస్తుందని చూపించినారు. కొవ్వును అరిగించే రకం ప్రోటీను రోగాన్ని కూడా ఆపుతుందని ఎవరు అనుకుంటారు! ఇట్లాంటివి ఇంకెన్ని ఉండాయో, ఏ జాతిలో ఎక్కువ ఉండాయో చూడాలంటే పేగు నకళ్ళను ఓపికగా చదవాల్సిందే.

నాగరాజు గారి బృందం ఇంకొక దిక్కు నుంచి పోయింది. ఫ్రాన్సు వాళ్ళతో కలిసి, వైరస్ పెరిగేదానికి కావలసిన జీన్ల నకళ్ళనే పురుగు తనంతట తాను తుంచేసేటట్టు పట్టుపురుగును మార్చినారు. ఒకటి కాదు, వైరస్ జీన్లు కొన్నిటి మీద ఒకేసారి దెబ్బ. ఆ ఫలితం 2013లో, ఆయన పోయినాక అచ్చయింది. మన చాకీ సెంటర్లో దొరికే పురుగు కాదది, ప్రయోగశాల పురుగు. జీన్లు మార్చిన పురుగు రైతు షెడ్డుకు రావాలంటే దాటాల్సిన అనుమతులు చానా ఉంటాయి. అందుకని ఇప్పటికి మనకు మందు సున్నం, బ్లీచింగు, ఎండ, విజేత పొడి, చేతులు కడుక్కోవడం. ఇవే.

ఆఖరుకు నా మనసులో మిగిలిన మాట ఒకటి ఉండాది. ఆ 14 కిలోలు గూళ్ళు కట్టిన పురుగుల్లో పదింటిని, పక్కనే జబ్బు ముదిరినవాటిలో పదింటిని ప్రాణంతో ఉండగానే ఇచ్చుంటే, ఆ అమ్మాయి వాళ్ళ కాలేజీలో చూసేదానికి వీలుండేది. చచ్చిన పురుగు పనికిరాదంట, ఆర్.ఎన్.ఏ. ముక్కలైపోతుంది. బతికి ఉండగానే పేగు తీసి, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచాల. నేనేమో జబ్బువాటిని సున్నం వేసి పూడ్చేసినా, గూళ్ళేమో ధర్మపురి మార్కెట్‌కు ఏసేసినా. పూడ్చింది తప్పు కాదు, అట్లానే చేయాల. ముందు ఒక ఫోను చేసుండాల్సింది.

ఈ వానలకు నేను 100 మాత్రమే దించుతా. షెడ్డుకు మూడు వారాలు సెలవు ఇచ్చినా, కడగడం అయిపోయింది, ఇంకొక మందు దెబ్బ మిగిలింది. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట, తిరువళ్ళూరు పక్క మీ ఎవరి షెడ్డులోనైనా గ్రాసరీ కనపడితే, దేవుడు ఆ గతి పట్టనీయకూడదు గానీ, కనపడితే మొదట రోగం పురుగుల్ని ఏరి వేరు పెట్టండి, బెడ్డు మీద పొడి చల్లండి. ఆ తర్వాత గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. ఎన్నో జ్వరం తర్వాత ఎన్నో రోజు, ఏ జాతి, ఆకు తడిదా పొడిదా, పక్క బెడ్డు ఎట్లా ఉంది, ఇంత చెప్తే చాలు. బాగుండే పురుగుల్ని మాత్రం పారేయొద్దు, మేత వేస్తా ఉండండి. ఆ అమ్మాయి పెద్ద మేడంను అడిగి, కుదిరితే క్యాను తీసుకొని వస్తానని చెప్పింది. ఆదివారం సాయంత్రం ఆరు తర్వాత మా ఇంట్లోనే ఉంటుంది, ఈ రాత మీద అడగాల్సింది ఉంటే అప్పుడు అడగండి. నన్ను అడిగితే మళ్ళీ ఆడికృత్తిక కథే చెప్తా.